చక్రవర్తికి రాని వన్స్‌మోర్

వాక్కై ఉండి దేహం దాల్చిన వానికీ, వాక్కును గణాలలో నడపడం నాకు నేర్పిన గురువుకూ నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ బహుళ విదియ నాడు, విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్లో కూర్చొని ఇది మొదలుపెడుతున్నాను. క్రైస్తవుడు తిథి వేసి రాయడమేమిటని మా సంఘంలో కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు చదువు చెప్పిన శాస్త్రిగారు తిథి లేని రాతను రాతగా ఒప్పుకునేవారు కారు. ఆయనా లేరు, ముఖం చిట్లించేవారిలో సగం మందీ లేరు. అలవాటు మాత్రం మిగిలింది.

అలసటగా ఉంది. మోకాళ్ల అలసట నాకు కొత్త కాదు. ఇది నాటకం ఆడించినవాడి అలసట. తెర దింపిన తర్వాత కూడా పాత్రలు ఇళ్లకు పోకుండా కళ్లముందే తిరుగుతుంటే కలిగే అలసట.

మా పాస్టరుగారు తడ వైపునుంచి వచ్చిన యువకుడు. సంఘ వార్షికోత్సవానికి ఈసారి పద్యనాటకం కావాలని కోరారు. "ఏటేటా అవే గొర్రెలు, అదే దేవదూత అండీ. మన సంఘం ఎక్కడినుంచి ఏ దారిన వచ్చిందో జనానికి తెలియాలి. రోమా చక్రవర్తుల కాలం తీసుకోండి" అన్నారు. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. కాదనడానికి సాకు దొరకలేదు. ఆయనే తెచ్చిచ్చిన చరిత్ర గ్రంథాలను వరండాలో కూర్చొని, భూతద్దం పెట్టుకొని చదివాను.

చదివినకొద్దీ నీరసం వచ్చింది. రోము చివరి కాలపు చక్రవర్తుల కథ రాజుల కథలా లేదు, కాపలాదారుల కథలా ఉంది. సైనికులు ఒకణ్ణి డాలుమీద ఎత్తి చక్రవర్తివన్నారు. జీతం ఆలస్యమైతే వారే పొడిచారు. రక్తం ఆరకముందే మరొకణ్ణి ఎత్తారు. సరిహద్దు ఒకచోట కాపాడుకుంటే మరొకచోట తెగేది. ఒకాయన రాజ్యాన్ని పాలిభాగస్థులకు పంచి, విసిగి, సింహాసనం దిగిపోయి కూరగాయల తోట వేసుకున్నాడట. మళ్లీ రమ్మని పిలవడానికి వెళ్లినవాళ్లకు తన క్యాబేజీలను చూపించాడట. ఆ గ్రంథాలన్నింటిలో నాకు నచ్చిన చక్రవర్తి ఆయనొక్కడే. కాని మా సంఘాన్ని హింసించినవాడూ ఆయనే కనుక నాటకానికి పనికిరాలేదు. ఆ తర్వాత వచ్చినవాడు మన మతం పట్టాడు, బిషప్పులను పిలిపించి వారి నడుమ కూర్చున్నాడు, ఏది సరైన నమ్మకమో తేల్చమన్నాడు. తేలినదానికి బయట ఉన్నవాళ్ల ప్రార్థనా మందిరాలను లాగేసుకోమని ఆజ్ఞ రాయించాడు.

అలా బయటపడినవాళ్లలో నాస్టిక్కులనే శాఖలవాళ్లు ఉన్నారు. వారి బోధలు చదివినప్పుడు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. ఈ లోకాన్ని చేసినవాడు పరమదేవుడు కాడట. తనపైన ఇంకొకడున్నాడని తెలియని అల్పుడైన సృష్టికర్త అట. మనలో ఉన్న వెలుగు పైనుంచి జారి ఈ మట్టిలో చిక్కుకున్నదట. ఆ సంగతి తెలుసుకోవడమే విడుదల అట. వారి గ్రంథాలను ఎవరో ఎడారిలో కుండలో పెట్టి పాతేశారట. నేను నమ్మలేదు. నమ్మని మాటను పద్యంలో పెట్టడం మాత్రం మాకు చిన్నప్పటినుంచి నేర్పిన పనే.

ఇక్కడ మా నాటకాల సంగతి ఒకటి చెప్పాలి. పద్యనాటకంలో ఎదుటిపక్షంవాడికి మంచి పద్యం ఇవ్వడం ఈ సీమలో పాత మర్యాద. ధర్మం పలికేవాడు ఎలాగూ గెలుస్తాడు. ఓడిపోయేవాడికి కనీసం రాగమైనా దక్కాలి. దాయాదులకు భూమి ఇవ్వనని భీష్మించే రారాజుకోసమే జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఆ మర్యాదలో పెరిగినవాణ్ణి కనుక, నాస్టిక్కు గురువు పద్యం రాయడానికి కూర్చున్నప్పుడు నా చేయి ఆగలేదు. చక్రవర్తికి ఉత్పలమాలలు, చంపకమాలలు, దీర్ఘసమాసాలు ఇచ్చాను. గురువుకు ఒకే ఒక తేటగీతి:

వెలుగు చేపను పట్టె నీ వలను పన్ని
కనులు లేనట్టి జాలరి కరుణ లేక;
కడలి లోతుల నెరుగడు కర్త వాడు;
మట్టి బుట్టలో మిణుగురై మగ్గుచుంటి!

చక్రవర్తి వేషం సంఘపెద్దకు పోయింది. ఆయన రొయ్యల మేత వ్యాపారి. నాటకానికి పందిరి, మైకు, పలహారాలు ఆయనవే. నెల్లూరులో వేషాల కొట్టుకు వెళ్లి రోము రాజు దుస్తులు అడిగితే వాళ్లు నవ్వారట. చివరికి రారాజు కిరీటమూ భుజకీర్తులూ తెచ్చుకున్నాం.

"ఐవారూ, రోము రాజుకి గద ఉంటుందా?" అని అడిగాడు సంఘపెద్ద.

"ఉండదు."

"సెట్టులో కలిపి ఇచ్చినారు కదా. పట్టుకుంటా. ఊరికే చేతులు వేలాడేసుకొని నిలబడాలంటే నాకు ఇబ్బంది."

నాస్టిక్కు గురువు వేషానికి ఎవరూ రాలేదు. దేవుణ్ణి తిట్టే పాత్ర అని తెలియగానే యువజన సమాజంవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు మామ వచ్చాడు.

ఊరంతా ఆయనను మామ అనే పిలుస్తుంది. నేనూ అలాగే రాస్తాను. పుట్టింది పులికాటు సరస్సు పల్లెలో, చేపలు పట్టే ఇంట్లో. వయసులో ఉండగా రారాజు వేషం కట్టి ఆ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్నాడు. మా సంఘపు పిల్లను చేసుకొని ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ ప్రతి ఆదివారం ప్రార్థనకు మా గుడికి వచ్చేది. ఆయన బయట వేపచెట్టు కింద వల అల్లుకుంటూ, ఆవిడ బయటికి వచ్చేదాకా కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే "అది వింటుంది కదా, ఇంటికాడ నాకు చెబుతుంది" అనేవాడు. నిరుడు వానల్లో ఆవిడ పోయింది. సమాధుల తోటలో, ప్రహరీగోడ పక్కన పెట్టాం.

ఆ తోటలో బాప్తిస్మం పొందినవారికే చోటు. అది సంఘం పాత కట్టడి. మామకు ఊపిరితిత్తులు చెడ్డాయి. డాక్టరు దాచకుండానే చెప్పాడు. అప్పటినుంచి ఆయనకు ఒకటే కోరిక: ఆవిడ పక్కన ఖాళీగా ఉన్న చోటు. దానికోసమే బాప్తిస్మం అడిగాడు. సంఘపెద్దలు సరేనన్నారు, వార్షికోత్సవం అయిన తర్వాతి వారం, ఆదివారం నాడు సముద్రంలో ఇస్తామన్నారు. సంఘానికి ఏదో ఒక పని చేసిపెట్టాలనుకున్నాడేమో, ఎవరూ ముట్టని ఆ వేషాన్ని తాను కడతానన్నాడు.

గుడి పక్క షెడ్డులో సాధన చేసేవాళ్లం. పద్యం మొదటిసారి వినిపించగానే మామ అడిగాడు.

"దేవుణ్ణి జాలరి చేసినారు, సరే ఐవారూ. కళ్లు లేని జాలరి ఎందుకు?"

"వాళ్ల లెక్కలో లోకాన్ని చేసినవాడికి తనపైన ఏముందో తెలియదు. అందుకని."

"కళ్లు లేకపోయినా వల వేయొచ్చు. మా నాయన చివర్లో అట్లే వేసినాడు. చేపలు పడేవి. ఏ చేప పడిందో మాత్రం మేం చెప్పాల్సి వచ్చేది."

హార్మోనియం మేష్టరు నవ్వి ముఖారి రాగం ఎత్తుకున్నాడు. మామ పాడాడు. దగ్గు అడ్డం వచ్చి మూడో పాదంలో ఆగాడు. ఆగినచోటునుంచి కాక మొదటినుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. పాతకాలపు నటులకు అదొక పట్టుదల.

పుష్యమాసపు చివరి శనివారం, పొద్దు వాలగానే నాటకం మొదలైంది. రొయ్యల చెరువుల మోటార్ల రొద మైకులోకి వస్తూనే ఉంది. సంఘపెద్ద రంగంమీదికి గదతో వచ్చాడు. సైనికులుగా ఉన్న యువజన సమాజంవాళ్లు నవ్వు ఆపుకోలేక డాళ్లు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. మొదటి రంగం ఎలాగో గడిచింది. రెండో రంగంలో గురువును సభకు ఈడ్చుకొచ్చారు. చక్రవర్తి అడిగాడు: "నీ బోధ ఏమి?"

మామ పాడాడు.

పద్యం ముగిసింది. తర్వాత చేపల గంపల ఆడవాళ్లు కూర్చున్న వైపునుంచి ఒక గొంతు "వన్స్‌మోర్!" అంది. వెంటనే మగవాళ్ల వైపునుంచి కూడా లేచింది. వన్స్‌మోర్ వచ్చిందంటే పాడడమే మా దగ్గర రివాజు; హార్మోనియం ఎవరి అనుమతికోసమూ ఆగదు. మామ ఒకసారి పందిరి వెనక్కి చూశాడు. అటు సమాధుల తోట. ఈసారి మరింత నిదానంగా పాడాడు. 'మట్టి బుట్టలో' అన్నచోట కళ్లనీళ్లతోనే రాగాన్ని చాలాసేపు నిలిపాడు. జనంలో ఎవరో ముక్కు చీదుకోవడం వినిపించింది.

తర్వాత చక్రవర్తి జవాబు. నేను ఎంతో కష్టపడి అల్లిన ఉత్పలమాల. సంఘపెద్ద తప్పులేకుండానే పాడాడు. కాని పిల్లలు లేచి నీళ్లకు పోయారు. పద్యం అయిపోయింది. ఆయన గద భుజాన పెట్టుకొని, జనంవైపు చూస్తూ కాస్త ఎక్కువసేపే ఆగాడు. హార్మోనియం మేష్టరు మొహమాటానికి శ్రుతి పట్టుకొని ఉన్నాడు. ఏమీ రాలేదు. "తీసుకుపోండి వీణ్ణి" అన్నాడు చక్రవర్తి. రాసిన మాట అదే గాని, అంత కోపంగా అనమని నేను రాయలేదు.

మంగళవారం గుడి వరండాలో సంఘపెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిచారు, మామనూ పిలిచారు. సంఘపెద్ద నుదుటిమీద కిరీటం నొక్కిన గుర్తు ఇంకా పోలేదు.

"పద్యం నేను రాసింది. అడగవలసింది నన్ను" అన్నాను.

"మీరు రాసినారు ఐవారూ. ఆయన నమ్మినాడు. తేడా ఉంది" అన్నాడు సంఘపెద్ద. "మొదటిసారి పాడింది నాటకం కోసం. ఒప్పుకుంటా. రెండోసారి ఎవరి కోసం పాడినాడు? ఆ పద్యం పాడుతూ ఏడ్చినాడు. సృష్టికర్త గుడ్డివాడని ఏడ్చినవాణ్ణి ఈ ఆదివారం నీళ్లలో ముంచమంటారా?"

"వన్స్‌మోర్ అన్నారు కదన్నా. పాడకపోతే ఎట్లా?" అన్నాడు హార్మోనియం మేష్టరు.

పాస్టరుగారు మామవైపు తిరిగి మెల్లగా అడిగారు. "మామా, మీరు ఆ మాట నమ్మారా?"

"పాడేటప్పుడు నమ్మినాను అయ్యగారూ. నమ్మకుండా పాడితే పద్యం నిలవదు. రారాజు వేషం కట్టినప్పుడు దాయాదులకి గజం నేల కూడా ఇవ్వగూడదని గట్టిగా నమ్మినాను. పొద్దున ఇంటికి పోయి మా అన్న అడిగిన దొడ్డి రాసిచ్చేసినాను."

పెద్దలు నవ్వారు. అంతటితో తేలిపోయేదే.

"అది పురాణం. ఇది విశ్వాసం" అన్నాడు సంఘపెద్ద.

"వేషం వేషమే కదన్నా. నువ్వు కిరీటం పెట్టుకొని కూడా మేత బస్తాల గురించే ఆలోచిస్తా ఉంటివి. అందుకే నీకు రాలేదు."

నవ్వు ఆగిపోయింది. మామకు తన నోటిమాట ఎక్కడ తగిలిందో అప్పటికి తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు. సంఘపెద్ద చాలాసేపు చేతి ఉంగరం తిప్పుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు.

"ఐవారూ, మీరే ఇంకో పద్యం రాయండి. ఆ బోధ తప్పని ఖండిస్తూ. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ఈయన పాడాలి. పాడితే బాప్తిస్మం. పాడకపోతే సమాధుల తోట మాట ఎత్తొద్దు."

మిగిలినవారు తలలు ఊపారు. మేత ఆయనది, పందిరి ఆయనది. పైగా ఆయన అడిగింది పూర్తిగా అన్యాయమూ కాదు; సంఘమన్నాక నమ్మకానికి ఒక హద్దు ఉండాలి. పాస్టరుగారు నేలవైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఆ గ్రంథాలు గుర్తుకొచ్చి మరీ నీరసం కలిగింది. ఎంత దూరం, ఎన్ని శతాబ్దాలు, ఎన్ని పట్టాభిషేకాలు! మనుషులు మాత్రం అదే వరండాలో కూర్చున్నారు.

ఇంటికి పోయేటప్పుడు దారిలో మామ అన్నాడు: "ఐవారూ, ఖండిస్తా రాయండి, తప్పులేదు. కాని నమ్మేటట్టు రాయండి. లేకుంటే నా గొంతు పలకదు. అందరి ముందర దగ్గుకుంటా నిలబడిపోతే అప్పుడు దాని పక్కన చోటు లేకుండా పోతుంది."

"ఏం రాస్తే నమ్ముతావు?"

"నాకేం తెలుసు? మీరు కదా చదువుకున్నది."

నాలుగు రోజులు రాశాను, కొట్టేశాను. ఖండన పద్యాలు నాకు చేతకానివి కావు. తర్కం, దృష్టాంతం, శబ్దాడంబరం అన్నీ కుదిరేవి. చదివి చూసుకుంటే ప్రతి పద్యమూ గద పట్టుకొని నిలబడేది. ఈ వయసులో నా పాండిత్యమే నాకు బరువనిపించింది. మామ నమ్మేదేమిటి? చక్రవర్తీ కాదు, గురువూ కాదు. గోడపక్క ఒక చోటు. ఆ చోటునే పద్యంలో పెట్టాను. శనివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి చదివాను:

వలను పన్నిన దెవ్వరో తెలియదయ్య;
మున్ను పోయిన దాని నీ పుడమి దాచె;
దాని పక్కన చోటిమ్ము, తండ్రి, నాకు;
నీట మునిగెద, నాదంటు నేమి లేదు.

మామ వల పక్కన పెట్టాడు. నాలుగు పాదాలూ తనలో ఒకసారి చెప్పుకున్నాడు.

"ఇది ఖండన కాదే ఐవారూ."

"కాదు."

"ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోవచ్చు."

"పాడతాను" అన్నాడు.

ఆదివారం గుడి నిండింది. మామ తెల్లచొక్కా వేసుకొని, జీవితంలో మొదటిసారి వేపచెట్టు దాటి లోపలికి వచ్చాడు. రాగం తీయలేదు, మైకు తీసుకోలేదు. మాట చెప్పినట్టు పాడాడు. దగ్గు రాలేదు. 'తండ్రి, నాకు' అన్నచోట ఆయన చూపు సంఘపెద్దవైపు పోయిందో, పైకి పోయిందో నేను కూర్చున్నచోటికి తెలియలేదు. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు, గుడిలో అనరు. వెనక వరసలో ఒక ముసలమ్మ "ఆమేన్" అంది.

సంఘపెద్ద లేచాడు. "మొదటి పాదంలోనే తెలియదంటున్నాడు. ఇది ఒప్పుకోలు ఎట్లా అవుతుంది?" అన్నాడు. అతని గొంతులో కోపం తగ్గింది. ఏదో బాధ ఉంది.

"మొదటి పాదం అట్లా ఉంచండి. నీట మునుగుతానన్నాడు. బాప్తిస్మానికి నేను అడిగేది అదే" అన్నారు పాస్టరుగారు. అంతకంటే వాదించలేదు. బైబిలు మూసి, సముద్రంవైపు నడిచారు. వెనకాల మామ, ఆ వెనకాల సంఘం. అలలు ఆ పూట పెద్దవిగా ఉన్నాయి. నీళ్లలో ఇద్దరూ తడబడితే సరస్సులో పుట్టిన మామే పాస్టరుగారి చేయి పట్టుకొని నిలబెట్టాడు. ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. మునిగి లేచాక ఆయన ముఖం తుడుచుకోలేదు.

సంఘపెద్ద ఒడ్డుదాకా వచ్చాడు. చెప్పులు విప్పలేదు. సమాధి చోటు సంగతి పాస్టరుగారు ఎత్తితే, "నీళ్లు మీ చేతిలో ఉన్నాయి, ముంచినారు. నేల సంఘానిది. కూర్చొని చూద్దాం" అని మోటారుసైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. ఇంతవరకు కూర్చోలేదు. అడిగితే చెరువుల్లో రొయ్యకు తెగులు వచ్చింది, తీరిక లేదంటున్నాడు. అది అబద్ధం కాదు. మామ ప్రతి సాయంత్రం గోడపక్కకు పోయి ఆ ఖాళీ చోట మొలిచిన తుమ్మమొక్కలు పీకి వస్తున్నాడు. నిన్న దారిలో కనిపిస్తే "ఏమైనా తెలిసిందా ఐవారూ?" అన్నాడు. తెలియలేదన్నాను. ఇద్దరం అరుగుమీద కాసేపు కూర్చున్నాం. ఆయన దగ్గు ఎక్కువైంది.

చరిత్ర గ్రంథాలు పాస్టరుగారికి తిరిగి ఇచ్చేశాను. కిరీటం నెల్లూరు కొట్టుకు పోయింది. రాయవలసింది ఇంతవరకే ఉంది.

ఆ తర్వాత జరిగినది: ఫాల్గుణ శుద్ధ సప్తమి నాటి తెల్లవారుజామున మామ చనిపోయాడు. కబురు తెలిసి మేము సమాధుల తోటకు వెళ్లేసరికి గోడపక్క, ఆవిడ పక్కన, గుంట తవ్వి ఉంది. సంఘపెద్ద తన చెరువుల కూలీలను తెచ్చి తవ్వించాడు. ఆ మధ్యాహ్నం మామను అక్కడే పెట్టాం.